లెఫ్ట్ కార్నర్ వనజ భర్త

తార్నాక చౌరస్తా నుంచి యూనివర్సిటీ వైపు నడుస్తుంటే, ఒక మందుల షాపుకూ సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుకూ మధ్య ఇరుక్కుని చిన్న కర్రీ పాయింట్ ఒకటి కనిపిస్తుంది. పోటీ పరీక్షల కోసం గదులు తీసుకుని చదివేవాళ్లు, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చే భార్యాభర్తలు అక్కడ ఆగి, ఇంట్లో అన్నం ఒక్కటి వండుకుంటే చాలని కూరల పొట్లాలు పట్టుకెళుతుంటారు. దాని యజమాని పేరు రాంచందర్. మనిషి పొడగరి. ముప్పై రెండో మూడో ఏళ్లుంటాయి. కుడి మోకాలికి ఎప్పుడూ నల్లటి నీక్యాప్ తొడుక్కుని ఉంటాడు. గోరుచిక్కుడు వేపుడు, పచ్చిపులుసు ఆయన చేతిలో బాగా కుదురుతాయి.

ఇంత బాగా వండినా ఆ చుట్టుపక్కల ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ. "వనజ మేడం వాళ్లాయన" అంటే మాత్రం చప్పున గుర్తుపడతారు. మొదట్లో ఆ మాట ఆయనకు గుచ్చుకునేది. ఇప్పుడు ఎవరైనా అలా అడిగితే "ఔ, నేనే, ఏం కావాలె?" అని గరిటె తిప్పుతూనే జవాబు చెబుతాడు.

రాంచందర్‌ది ఆలేరు దగ్గర పల్లె. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి బుచ్చవ్వ ఉన్న కాస్త భూమిలో పత్తి వేసి, వరి వేసి కొడుకును పెంచింది. వరి కోసిన మడుల్లో చెడుగుడు ఆడి పెరిగిన కుర్రాడు పీజీ చదవడానికి హైదరాబాద్ వచ్చి, మొదటి ఏడాదిలోనే యూనివర్సిటీ కబడ్డీ జట్టులో రైడర్ అయ్యాడు. ఎదుటి జట్టు గడిలోకి కూతకు వెళ్లి ఎవరినో ఒకరిని తాకి రావడంలో ఆయనకొక ఒడుపుండేది. పరుగెత్తుతూ పరుగెత్తుతూ ఒక్కసారిగా ఆగిపోయేవాడు. పట్టడానికి దూకినవాళ్లు ఆ ఆగడానికే తడబడేవాళ్లు. అప్పటి ఫిజికల్ డైరెక్టర్ సుబ్బరాయుడుగారు కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి విద్యానగర్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి. ఆయనకు రాంచందర్ అంటే ప్రాణం. "స్పోర్ట్స్ కోటాలో నీకు ఉద్యోగం ఖాయంరా అబ్బాయ్" అనేవాడు.

ఖాయం కాలేదు. రెండో ఏట అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ముగ్గురు మీద పడ్డప్పుడు కుడి మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్ అయింది. నడక వచ్చింది, తర్వాత పరుగూ వచ్చింది. కానీ ఆ మెరుపు ఆగడం మాత్రం తిరిగి రాలేదు.

వనజ పరిచయమైంది ఆ దెబ్బకు కొద్దికాలం ముందే. ఆ రోజుల్లో సాయంత్రం పూట కబడ్డీ కోర్టు మొదట అబ్బాయిలది. వాళ్లు ఆడుకున్నాక వెలుతురు మిగిలితే అమ్మాయిలది. ఒకరోజు అబ్బాయిల ఆట ఎంతకూ ముగియకపోయేసరికి ఒకమ్మాయి వచ్చి సరిగ్గా మధ్య గీత మీద చేతులు కట్టుకుని నిలబడింది. నల్లని మనిషి, వెడల్పాటి భుజాలు, బిగించి కట్టిన జడ.

"మా టైం అయింది. జరుగుర్రి" అంది.

"ఇంకొక్క రైడ్ ఉన్నది" అన్నాడు రాంచందర్.

"మొన్నటి సంది గా ఒక్క రైడే ఉన్నది మీకు."

మిగతా కుర్రాళ్లు ఏదో అనబోయారు. రాంచందర్‌కు మాత్రం నవ్వొచ్చింది. అందరినీ పిలుచుకుని పక్కకు తప్పుకున్నాడు. ఆమె మౌలాలి అమ్మాయని, తండ్రి రాజలింగం రైల్వే లోకోషెడ్‌లో ఫిట్టరని, ఎడమ కార్నర్‌లో నిలబడి రైడర్ల కాళ్లు పట్టడంలో యూనివర్సిటీలో ఆమె తర్వాతే ఎవరైనా అని తర్వాత తెలిసింది. మోకాలి ఆపరేషన్ అయి కోర్టు పక్కన బెంచీ మీద కూర్చున్న రోజుల్లో, ఆమే వచ్చి పక్కన కూర్చుని, కూతకొచ్చినవాడు ఎప్పుడు ఏమనుకుంటాడో చెప్పమని అడిగేది. ఆయన చెప్పేవాడు. అలా మొదలైన మాటలు పెళ్లి దాకా వచ్చాయి.

బుచ్చవ్వ పిల్లను చూసి వచ్చి పెదవి విరిచింది. "మనిషి మంచిదే గని, గా నలుపేంది, గా భుజాలేంది? మొగపిల్లగాని లెక్కున్నది."

"నువ్వేమన్న తెల్లగున్నవా అమ్మా?" అన్నాడు కొడుకు. "బస్తాలు మోసినప్పుడు నీ భుజాలు మంచిగనే ఉండె గద."

బుచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెళ్లయింది.

అప్పటికే వనజకు స్పోర్ట్స్ కోటాలో రైల్వేలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. మెట్టుగూడలో క్వార్టర్ ఆమె పేరు మీద ఇచ్చారు. తలుపు మీద ఆమె పేరే ఉంది. రాంచందర్ ఒక ట్రంకు పెట్టె, రెండు జతల బూట్లతో అందులోకి మారాడు. ఊళ్లోవాళ్లు ఇల్లరికం పోయాడన్నారు. స్నేహితుడు శశిభూషణ్‌తో కలిసి తార్నాకలో కర్రీ పాయింట్ పెట్టాడు. పొద్దున వంట రాంచందర్‌ది, మధ్యాహ్నం నుంచి అమ్మకం ఇద్దరిదీ. విచిత్రమేమంటే, ఊరందరికీ కూరలు వండుతుంటే ఎవరూ ఏమీ అనలేదు, అది వ్యాపారం. ఇంట్లో భార్యకు ఒక బాక్సు కట్టిస్తే మాత్రం పక్క క్వార్టర్ల ఆడవాళ్లు కూడా నవ్వుకునేవాళ్లు.

పాప పుట్టింది. లహరి అని పేరు పెట్టుకున్నారు. బుచ్చవ్వ వచ్చి రోజూ నూనె రాసి నీళ్లు పోసేది. పాపకు పళ్లు వచ్చే వేళకు వనజ ఆఫీసుకు మళ్లీ వెళ్లడం మొదలుపెట్టింది. ఆట సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. అది ముగిసిపోయిందని అందరూ ఎవరికివారు అనుకున్నారు. ఒకసారి పాపను చూడడానికి వచ్చిన సుబ్బరాయుడుగారు కూడా ఆప్యాయంగానే అన్నాడు. "నీ ఆట నువ్వు ఆడేశావమ్మా. మెడల్సున్నాయి, ఉద్యోగముంది. ఇక హాయిగా పిల్లను పెంచుకో." వనజ తలూపి కాఫీ తెచ్చి ఇచ్చింది.

ఒక సాయంత్రం రాంచందర్ ఇంటికి వచ్చేసరికి ఆమె పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని ఫోనులో మ్యాచ్ చూస్తోంది. రైల్వే జట్టుది. తన స్థానంలో ఎడమ కార్నర్‌లో కొత్తమ్మాయి ఆడుతోంది.

"మంచిగ ఆడుతున్నదా?" అని అడిగాడు.

"ఆడుతది. తొందరెక్కువ. వాళ్లు రాకముందుకే దుంకుతది." ఫోను పక్కన పెట్టింది. "నేను గూడ మొదట్ల గట్లనే దుంకేదాన్ని."

రాంచందర్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"పోతవా మల్ల?" అన్నాడు.

"ఎటు?"

"ఎటేంది, ఆటకు."

 వనజ పాప తలమీది జుట్టు సరిచేసింది. "పొద్దుగాల ప్రాక్టీసు. పాలెవరిస్తరు, ఎవరు చూస్తరు దీన్ని?"

"నేను లేనా?"

"నీ వంటలు?"

"శశి రోజూ లేటొస్తడు, కొంచెం ముందుగాల రమ్మంట. నాకు తోచినకాడికి నేను చూస్త. నువ్వు పోవాల్నా వద్దా, గది చెప్పు."

"పోవాలె" అంది వనజ. ఆ రాత్రి, చాలా రోజుల తర్వాత ఆమె రెండోసారి అన్నం పెట్టించుకుని తింది.

బుచ్చవ్వకు ఇది నచ్చలేదు. పిల్ల తల్లి చెడ్డీలేసుకుని దుంకుడేందని, మొగోడు పాలసీసా పట్టుకుని తిరుగుడేందని అడిగింది. కొడుకు ఏదో సర్దిచెప్పబోతే, వినకుండా మూట కట్టుకుని ఊరికి వెళ్లిపోయింది. పోతూ పోతూ కోడలితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

రైల్వే వాళ్ల హాల్లో మరమ్మతులు జరుగుతున్నందువల్ల ఆ కొన్ని నెలలు మహిళల జట్టు యూనివర్సిటీ ఇండోర్ హాల్లో పొద్దున పూట ప్రాక్టీసు చేసుకునేది. కోచ్ కృపారాణి. ఒకప్పుడు తానూ ఆడిన మనిషి, మాటల పొదుపు. వనజ మళ్లీ వస్తానంటే ఆమె ఇచ్చిన హామీ ఏమీ లేదు. "రా. బరువు డెబ్బై అయిదు కిలోలు దాటొద్దు. మిగతాది మ్యాట్ మీద చూద్దాం" అంది.

అలా రాంచందర్ పాపను తువ్వాలులో చుట్టుకుని క్యాంపస్‌కు రావడం మొదలైంది. పొద్దున నడకకు వచ్చేవాళ్లతో ఆ రోడ్లు నిండుగా ఉంటాయి. హాలు బయట మెట్ల మీద పాపను ఆడిస్తుంటే రోజూ ఎవరో ఒకరు ఆగేవాళ్లు.

"పాపం, తల్లికి బాగలేదా బాబూ?"

"మంచిగనే ఉన్నదండి. లోపల ఆడుతున్నది."

ఆ మాట విని కొందరు నవ్వి వెళ్లేవాళ్లు, కొందరు అర్థం కాక వెళ్లేవాళ్లు. ఆయనతో పాటు జట్టులో ఆడినవాళ్లు కొందరు ఉద్యోగాల్లో స్థిరపడి ఆ గ్రౌండ్‌లోనే పొద్దున వ్యాయామానికి వచ్చేవాళ్లు. వాళ్లు దూరం నుంచి "ఏం రైడర్, పాయింట్లొస్తున్నయా?" అని కేకలేసేవాళ్లు. స్నేహంగానే అనేవాళ్లు, అయినా మండేది. వాళ్లు కనిపిస్తే పాలసీసా తువ్వాలు కింద దాచేవాడు. ఒకరోజు నలుగురు కలిసి ఎదురు వస్తుంటే, పాపకు ఎండ తగులుతుందన్న నెపంతో హాలు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. తర్వాత తన మీద తనకే చిరాకు వేసింది. సుబ్బరాయుడుగారైతే ఎదురుగా కూర్చుని మరీ బాధపడ్డాడు.

"ఏంటయ్యా ఇది? నిన్ను చూస్తే ఎన్నో కాలేజీల కుర్రాళ్లు వణికేవాళ్లు. నువ్విలా మెట్ల మీద కూర్చుని పిల్లకు పాలు పడతావా?"

"తాగకపోతె ఏడుస్తది సార్."

"నేను చెప్పేది అది కాదు."

"నాకు తెల్సు సార్ మీరు చెప్పేది. గని ఏడ్చేదైతె ఆగదు గద."

లోపల వనజకు ఇంతకంటే కష్టంగా ఉంది. బరువు మెల్లగా తగ్గుతోంది, కానీ కాళ్లు మాట వినడం లేదు. కొత్తమ్మాయిలు రైడ్‌కు వచ్చి ఆమె పక్క నుంచే తాకి వెళ్లిపోతున్నారు. ఎవరూ ఏమీ అనరు, అదే ఆమెకు ఎక్కువ బాధ. ఒకరోజు పాప నిద్రపోతే రాంచందర్ లోపలికి వచ్చి గోడ వారగా నిలబడి చూశాడు. వరసగా అయిదారు రైడ్లలో వనజ ఒక్కరినీ పట్టలేదు.

కృపారాణి విజిల్ ఊది ఆట ఆపింది. "ఉత్తరాది జట్ల రైడర్లు ఇంతకంటే ఎత్తుంటారు, బరువుంటారు. మనమే మనలో ఆడుకుంటే లాభం లేదు. బలమైన రైడర్ కావాలి. అబ్బాయిల జట్టునడిగితే పరీక్షలంటున్నారు" అని విసుక్కుంది.

రాంచందర్ నోటికి ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. "నేను రానా మేడం?"

అందరూ ఇటు తిరిగారు. భుజం మీద నిద్రపోతున్న పాప, చేతిలో సంచి, కాళ్లకు చెప్పులు.

"మీ మోకాలు?" అంది కృపారాణి.

"పరుగెత్తుత మేడం. పడ్డగూడ ఏం గాదు, మ్యాటే గద."

కృపారాణి అమ్మాయిల వైపు చూసి, అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పమంది. ఎవరికీ లేదు. వనజ మాత్రం ముందుకు వచ్చి భర్తకు దగ్గరగా నిలబడి తక్కువ గొంతుతో చెప్పింది. "మెల్లగ రాకు రాంచందర్. నన్ను చూసి మెల్లగొస్తె ఇంటికి పోయినంక నీతోని మాట్లాడ."

"సరే."

బెంచీ మీద ఉన్న ఒకమ్మాయి పాపను తీసుకుంది. రాంచందర్ చెప్పులు విడిచి, నీక్యాప్ బిగించుకుని, ఎన్నో ఏళ్ల తర్వాత మధ్య గీత దాటి కూత పెట్టాడు.  ఎడమ కార్నర్ వైపు వెళ్లి, వనజ దూకగానే తప్పుకుని ఆమె భుజం తాకి వెనక్కి వచ్చాడు. రెండోసారీ అంతే. మూడోసారి ఆమె చేతివేళ్లు ఆయన మడమకు తగిలి జారిపోయాయి. ఆయన ఆయాసపడుతూ వచ్చి కూర్చున్నాడు. ఆమె మ్యాట్‌ను అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టి లేచింది. ఆ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు ఇద్దరూ మాట్లాడుకున్నదంతా ఆ మూడు రైడ్ల గురించే. "నీ చూపంత నా మొకం మీద ఉన్నది. నా మొకం అబద్ధం చెప్తది. కాలును చూడు" అన్నాడు ఆయన.

ఆ తర్వాత రోజూ రాంచందర్ రైడ్‌కు వెళ్లేవాడు. బెంచీ మీద ఉన్నవాళ్లు వంతులవారీగా పాపను ఎత్తుకునేవాళ్లు. లహరికి అది బాగా అలవాటై, విజిల్ వినగానే చప్పట్లు కొట్టేది. మిగతా అమ్మాయిలకు ఆయన "అన్న" అయిపోయాడు. తన ఒళ్లు ఇంకా ఆటకు పనికొస్తుందన్న సంగతి ఆయనకు ఎంత సంతోషం కలిగించిందో ఎవరికీ చెప్పుకోలేదు. షాపులో ఉల్లిగడ్డలు తరుగుతూ కూని రాగాలు తీస్తుంటే శశిభూషణ్ మాత్రం "ఏంది బే, ప్రమోషనొచ్చిందా?" అని అడిగాడు.

బుచ్చవ్వ తిరిగి వచ్చింది అలాంటి ఒక పొద్దున. కొత్త బియ్యం, ఒక సంచినిండా చిక్కుడుకాయలతో మెట్టుగూడ క్వార్టర్‌కు వస్తే తాళం కనిపించింది. అందరూ యూనివర్సిటీ గ్రౌండ్‌కు పోయారని పక్కింటావిడ చెప్పింది. మనవరాలిని ఎక్కడ పడేశారో అన్న కంగారుతో బియ్యం మూట ఆమెకే అప్పగించి, షేర్ ఆటో ఎక్కి క్యాంపస్‌కు వచ్చింది. అడుగుతూ అడుగుతూ హాలు తలుపు దగ్గరకు చేరేసరికి రాంచందర్ కూత పెడుతూ ఎడమ కార్నర్ వైపు వస్తున్నాడు. అదనపు పాయింటు కోసం బోనస్ గీత మీదికి కాలు చాచాడు. వనజ ఈసారి దూకలేదు. ఆయన బరువు ఆ కాలి మీద పడేదాకా ఉండి, పక్క నుంచి వంగి మడమను రెండు చేతులతో పట్టి గుంజింది. రాంచందర్ నిలువునా బోర్లా పడ్డాడు. మిగతా వాళ్లు వచ్చి మీద పడ్డారు. హాలంతా కేకలు, చప్పట్లు. ఒక పక్క ఎవరో తెలియని చెడ్డీ పిల్ల ఒళ్లో కూర్చుని లహరి కూడా చప్పట్లు కొడుతోంది.

రాంచందర్ మొహం మీద ఇంత నవ్వుతో లేచి కూర్చున్నాడు. తలుపు దగ్గర తల్లిని చూసి ఆ నవ్వు సగంలో ఆగింది.

 బుచ్చవ్వ వచ్చి మనవరాలిని ఎత్తుకుంది. "దెబ్బ తాకిందారా?" అని మాత్రం అడిగింది. లేదనగానే బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుంది.   ఆఫీసుకు వెళ్లి వచ్చినా, అత్త ఏమంటుందోనని వనజ మనసు మనసులో లేదు.

సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉన్నట్టుండి బుచ్చవ్వ అడిగింది. "గా కాలు ఎట్ల దొరికింది నీకు?"

వనజ తలెత్తింది. "ఏంది అత్తమ్మా?"

"వీడు చిన్నప్పటి సంది చేతికి దొరుకుడు కాదు. తానం చేపియ్యాల్నంటె ఊరంత ఉరికిచ్చేటోడు. నీకెట్ల దొరికిండని అడుగుతున్న."

వనజ చెప్పింది. ఎదురుగా వెళితే తప్పించుకుంటాడని, కాలి మీద బరువు పడేదాకా ఆగి పక్క నుంచి వెళ్లాలని. బుచ్చవ్వ శ్రద్ధగా విని, "లేగదూడను పట్టుడు గూడ గట్లనే" అంది. కాయలు ఒలవడం అయ్యాక మళ్లీ అంది. "గా చెడ్డీలు మాత్రం నాకు నచ్చలే."

"ప్యాంటేసుకుంటె అడ్డమొస్తది అత్తమ్మా, కాలు ఆడదు."

"అయితె ఏసుకోకు. నాకు నచ్చలేదన్న, అంతే."

మర్నాటి నుంచి హాలు మెట్ల మీద పాపతో కూర్చునేది బుచ్చవ్వ. నడకకు వచ్చినవాళ్లు ఆగి అడిగితే, "కొడుకు, కోడలు లోపల కొట్లాడుతున్నరు" అని చెప్పేది.

అంతర్ రైల్వే పోటీలు ఆ ఏడాది సికింద్రాబాద్‌లోనే జరిగాయి. వనజ జట్టులోకి వచ్చింది, కానీ బెంచీ మీదికి. మొదటి మ్యాచులన్నీ కొత్తమ్మాయే ఆడింది. బాగా ఆడింది కూడా. సెమీఫైనల్‌లో ఉత్తరాది జట్టు ఒకటి ఎదురైంది. వాళ్ల రైడర్ ఒకామె, కృపారాణి ముందే చెప్పినట్టు, ఆరడుగులకు దగ్గరగా ఉంది. వచ్చినప్పుడల్లా ఎడమ వైపే దెబ్బ తీస్తోంది. సగం ఆట ముగిసేసరికి వనజ జట్టు అమ్మాయిలు బాగా వెనకబడ్డారు. విరామంలో కృపారాణి వనజ వైపు చూసి వార్మప్ చేసుకోమంది.

స్టాండ్‌లో రాంచందర్, బుచ్చవ్వ, రాజలింగం కూర్చున్నారు. లహరి రాంచందర్ మెడ మీద ఉంది. వనజ కోర్టులోకి వస్తుంటే వెనక వరసలో ఎవరో "అమ్మో, గీ ఆంటీ ఎవరు?" అన్నారు. పక్కనున్నవాళ్లు నవ్వారు. రాజలింగం వెనక్కి తిరగబోతే రాంచందర్ ఆయన మోకాలి మీద చెయ్యేసి ఆపాడు.

మొదటి రైడ్‌లోనే వనజ తొందరపడి దూకింది. పొడుగామె తాకి వెళ్లిపోయింది. వనజ అవుటై బయట కూర్చుంది. వెనక వరస మళ్లీ నవ్వింది.  రాంచందర్ ఆమె మొహంలోకి చూస్తూ రెండు వేళ్లతో తన కళ్లనూ, తర్వాత కాలినీ చూపించాడు. ఆమె చూసిందో లేదో తెలియదు.

తోటివాళ్లు ఒక పాయింటు తెచ్చి ఆమెను తిరిగి లోపలికి తెచ్చారు. పొడుగామె మళ్లీ ఎడమకే వచ్చింది. చెయ్యి చాచింది, మొహంతో బెదిరించింది, కాలు ముందుకేసింది. వనజ కదల్లేదు. ఆమె వెనక్కి తిరగడానికి ఆ కాలి మీద నిలదొక్కుకున్న క్షణంలో మడమ దొరికింది. పట్టు బిగిసింది. ఆ తర్వాత మరి రెండుసార్లు అదే కాలు, అదే పట్టు. పొడుగామె కుడి వైపు వెళ్లడం మొదలుపెట్టింది. అటు కాపు కాసేవాళ్లకు అదే కావాలి. రెండు పాయింట్ల తేడాతో మ్యాచ్ గెలిచారు. బుచ్చవ్వ నిలబడి, ఎవరు వింటున్నారో చూడకుండా, "మా కోడలు. లెఫ్ట్ కార్నర్" అని వెనక వరసకు చెప్పింది.

ఫైనల్లో ఓడిపోయారు. తమకంటే మంచి జట్టు చేతిలో ఓడారు కాబట్టి ఎవరూ పెద్దగా ఏడవలేదు. వెండి పతకాలు మెళ్లో వేసుకుని నిలబడితే ఒక ఫోటోగ్రాఫర్ వచ్చి వరసలు సర్దాడు. జట్టులో తెల్లగా, సన్నగా ఉన్న ప్రణీత అనే అమ్మాయిని ముందు వరసలోకి పిలిచి, వనజను వెనక్కి వెళ్లమన్నాడు. ప్రణీత కదల్లేదు. "సెమీస్ గెలిపించింది వనజక్క. ఆమె ముందుంటేనే దిగుతాం" అంది. అందరూ అదే మాట అన్నారు. ఆయన భుజాలెగరేసి అలాగే తీసుకున్నాడు.

ఒక టీవీ అమ్మాయి మైకు పట్టుకుని రాంచందర్ దగ్గరకు వచ్చింది. "పెళ్లయి, పాప పుట్టాక కూడా మీ భార్యను ఆడనిస్తున్నారు. చాలా గ్రేట్ సర్. దీనిమీద ఏమంటారు?"

రాంచందర్ పాపను రెండో చంకకు మార్చుకున్నాడు. "నేను ఆడనిచ్చేదేముందమ్మా? ఆట ఆమెది. నేను పిల్లను ఎత్తుకున్న. పిల్ల నాది. దాంట్ల గ్రేటేముంది?"

ఆ ముక్క టీవీలో రాలేదు. మర్నాడు శశిభూషణ్ ఫోనులో వెతికి వెతికి, రాలేదని తేల్చి చిన్నబుచ్చుకున్నాడు. రాంచందర్‌కు మాత్రం ఆ మాట చెప్పడమే హాయిగా అనిపించింది.

తర్వాత ఏడాది మొదట్లో యూనివర్సిటీ అమ్మాయిల జట్టు కెప్టెన్ విజయశ్రీ కర్రీ పాయింట్‌కు వచ్చి, పప్పు కట్టించుకుంటూ అడిగింది. "అన్నా, మాకు గూడ రైడ్లకు వస్తవా? మాతోని ఎవరూ గట్టిగ ఆడరు." ఆయన ఒప్పుకున్నాడు. అప్పటి నుంచి వారానికి నాలుగు రోజులు పొద్దున అమ్మాయిల మీదికి కూతకు వెళుతున్నాడు. మొదటి రోజు ఒక కొత్త పిల్ల "దెబ్బ తాకుతదన్నా" అని ఆయన కాలు పట్టడానికి జంకింది. "తాకితె నాకు తాకుతది, నీకెందుకు ఫికర్?" అన్నాడు. ఆ సంభాషణ విన్న అబ్బాయిల జట్టువాళ్లు నవ్వారు. నెల తిరిగేసరికి వాళ్లలోనే ఇద్దరు వచ్చి, కూతలో ఒక్కసారిగా ఆగడం నేర్పమని అడిగారు. అమ్మాయిల టైం ముగిశాక రమ్మన్నాడు.

సుబ్బరాయుడుగారు ఇప్పటికీ తన అభిప్రాయం మార్చుకోలేదు. "మా రోజుల్లో ఇలా లేదయ్యా" అని ప్రతి ఉదయం ఒకసారి చెబుతాడు. చెప్పి, లహరి చెయ్యి పట్టుకుని గ్రౌండ్ చుట్టూ నడిపిస్తాడు. పాప ఆయన్ను సార్ అనే పిలుస్తుంది.

వనజ ఇంకా ఆడుతోంది. ఇంకో రెండేళ్లు ఆడతానని, తర్వాత కోచింగ్ డిప్లొమా చేస్తానని అంటోంది. మొన్న ఆదివారం ప్రాక్టీసు అయ్యాక క్యాంపస్ క్యాంటీన్‌లో ఇద్దరూ చాయ్ తాగుతుంటే ఆ మాటే వచ్చింది.

"డిప్లొమాకు పటియాల పోవాలె. చానా రోజులుండాలె" అంది వనజ.

"పో."

"నీకు కష్టమైతది గద."

"అయితది" అన్నాడు రాంచందర్. "లహరికి జడెయ్యరాదు నాకు. గది నేర్పి పో."

వనజ నవ్వి, అక్కడే లహరిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, జుట్టు మూడు పాయలు చేసి ఆయన చేతికిచ్చింది. ఆయన ఒక పాయ మీద ఇంకో పాయ వేస్తూ, ఏది ఎటు పోయిందో తెలియక మళ్లీ మొదటికి వచ్చాడు. లహరి కదలకుండా కూర్చుని బిస్కెట్ తింటోంది.